ఆగితే మెత్తబడిపోతుంది!
ముందు మామగారు తినాలి. కోడలు వడ్డించాలి. అందరూ లేచాక తను కూర్చోవాలి... బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్లయినా, గోదావరిఖని బొగ్గుగని కార్మికుల ఇళ్లయినా చాలాచోట్ల నడిచిన పద్ధతే ఇది. అలాంటి ఇంటి పెద్దాయన, జపాన్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు దగ్గరికి వెళ్లి డిసెంబరు 31 రాత్రి భోజనానికి కూర్చుంటే..?

ఆ రాత్రి అక్కడ చాలా ఇళ్లలో తినేది 'తోషికోషి సోబా'. బక్‌వీట్ పిండితో చేసే సన్నటి నూడుల్స్. పొడవుగా ఉంటాయి కాబట్టి దీర్ఘాయుష్షు, ఇట్టే తెగుతాయి కాబట్టి పాత ఏడాది కష్టాలతో తెగతెంపులు... అని జపనీయుల నమ్మకం. మనకు ఉగాది పచ్చడి ఎలాగో వాళ్లకిది అలాగన్నమాట!

వేడివేడి రసంలో వేసిన సోబా ఎవరికోసమూ ఆగదు. కాసేపటికే ఉబ్బి మెత్తబడిపోతుంది. 'మీరు కానివ్వండి, నేను తర్వాత తింటా' అంటే కుదరదు. మామగారి ఎదురుగా కోడలూ గిన్నె పట్టాల్సిందే. జుర్రుమని చప్పుడు చేసినా తప్పుపట్టరు. శాకాహారులు మాత్రం ముందే అడగాలి... ఆ రసంలో సాధారణంగా ఎండుచేప సారం ఉంటుంది. కొంబు అనే సముద్రపు నాచుతో కాచిందైతే ఇబ్బంది లేదు.

తిరిగొచ్చాక బసంత్‌నగర్‌లో సేమ్యా ఉప్మాకైనా 'నువ్వూ కూర్చో బిడ్డా' అని ఆ పెద్దాయన పిలిస్తే... సోబా తిన్న ఫలం దక్కినట్టే!