పెరటిలో మఱియొక యిల్లు

చిన్నయిల్లు అనగానే సోదరీమణులలో ననేకులు ముఖము చిట్లింతురు. లోకములో ఆ మాటకు పడిన యర్థ మట్టిది. నేను వ్రాయబోవునది దానిని గుఱించి కాదు. పెరటిలో, పెద్దయింటినుండి కేక వినబడు దూరమున, ఒకరికో యిద్దఱికో సరిపోవునట్లు కట్టుకొను నింటిని గుఱించి. మూడేండ్ల క్రిందట మా యత్తగారికొఱకు మేమట్టి యిల్లొకటి కట్టించితిమి. అందు మాకు తెలిసివచ్చిన సంగతులు కొన్ని మీకు చెప్పవలెనని యున్నది.

మామగారు గతించిన పిమ్మట అత్తగారు రెండేండ్లు మాతో మేడయింట నుండిరి. ఆమెకు మోకాళ్ల నొప్పులు. పడకగదులు చూడబోయిన మేడపైన. మా పిల్లలు రాత్రి పండ్రెండు గంటలవఱకు దీపము లార్పరు. ఆమె తెల్లవారుజామున నాలుగింటికే లేతురు. నేను వండినది తినుచు, మేము పెట్టిన టెలివిజను చూచుచు, కొడుకుటింట చుట్టమువలె మెలగుచుండిరి. ఒకనాడు "అమ్మాయీ, నాకో పొయ్యీ, ఓ తలుపూ ఉంటే చాలే" అనిరి. అందులో నిష్ఠురము లేదు. అయినను ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పెరటిలో ఇల్లు కట్టించిన, కోడలు అత్తను బయటికి గెంటినదని ఊరు అనదా? అన్నది కూడ. అనినవారిలో ఒకరిద్దఱు ఇప్పుడు ఆ యరుగుమీదనే కూర్చుండి తాంబూలము వేసికొనుచున్నారు గావున ఆ సంగతి విడిచిపెట్టెదను.

మా యూరు రాయలసీమలోనిది, ఎఱ్ఱనేల. పెరటిలో పడమటివైపున పెద్ద వేపచెట్టు కలదు. మొదట పిలిపించిన మేస్త్రి చెట్టు కొట్టించి, నాలుగు కాంక్రీటు స్తంభములు లేపి, పైన స్లాబు పోసెదననెను. ఎండకాలమున ఎట్లుండునని యడుగగా, చల్లదనపు యంత్రము పెట్టుకొనవచ్చుననెను. నీడనిచ్చు చెట్టును నఱికి, నీడకు మాఱుగా యంత్రమును కొని, దానికి నెలనెల కరెంటు బిల్లు కట్టుట యెట్టి పొదుపో నాకు బోధపడలేదు. చెట్టుకు తూర్పుగా, దాని వేళ్లు తెగనంత యెడముగా ఇంటిస్థలము గుర్తించితిమి. సాయంకాలపు టెండ గోడను తాకకుండ ఆ వేపయే కాచుచున్నది.

పడకగది 12 అడుగులకు 12. వంటయిల్లు 8కి 8. స్నానపుగది 6కి 6. ముందర 9కి 6 వసారా. లోపలి కొలతలు కూడిన 300 చదరపు అడుగులకు రెండు తక్కువ. పర్యావరణమునకు మేలుచేయు నిల్లనగా జనులు ముందుగా పైకప్పుమీది సౌరఫలకములనే తలతురు. అవియు మంచివే. కాని కొనని సిమెంటు, కాల్చని యిటుక, తుడువ నక్కఱలేని గది, వీనికంటె పెద్ద పొదుపు లేదు. "ఇంకొక గది వేయరాదా" యని మా మఱది అనగా, అత్తగారే "దాన్నెవరు ఊడుస్తారురా?" అనిరి.

గోడలకు కాల్చిన యిటుకలు కాక, మా పెరటి మన్నుతోనే దిమ్మెలు చేయించితిమి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ వారు 1974లో పల్లెలకు పనికివచ్చు సాంకేతిక విద్యలకై ఆస్త్ర అను విభాగమును నెలకొల్పి, ఇట్టి మట్టిదిమ్మెలను గుఱించి యెంతో కృషిచేసిరి. మన్నులో నూటికి 5 మొదలు 8 పాళ్ల సిమెంటు కలిపి, కొంచెము తడిపి, చేతితో నొక్కు యంత్రమున అచ్చువేయుదురు. బట్టీ లేదు, కట్టె లేదు, బొగ్గు లేదు.

అయితే అన్ని మన్నులు పనికిరావు. ఇంటనే పరీక్షింపవచ్చును. పైన ఒక యడుగు సారపుమన్ను తీసి ప్రక్కన బెట్టుడు, అది పూలమొక్కలకు. దానిక్రింది మన్ను గాజుసీసాలో మూడవవంతు పోసి, నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి, మూత బిగించి బాగుగా కుదుపుడు. ఒక దినము కదల్పక యుంచిన, ఇసుక అడుగునను, సన్నని ఒండ్రు నడుమను, జిగటమన్ను పైనను పొరలుగా తేరును. ఇసుక సగమునకు మించి, జిగట కొలదిగా నున్నచో అది మంచి మన్ను. నల్లరేగడి తడిసిన ఉబ్బును, ఎండిన బీటలువాఱును. దాని జోలికి పోరాదు. రేగడినేల గలవారు పునాది విషయమున ఇంజనీరు నడుగక ముందడుగు వేయరాదు.

ఇక నా తప్పు చెప్పెదను. దిమ్మెలు అచ్చువేసిన పిమ్మట తడిగోనెలు కప్పి మూడు నాలుగు వారములు నీళ్లు చల్లుచుండవలెను. రెండవ వరుస వేసిననాడే నేను పెండ్లికి పోయి, అయిదు దినములకు వచ్చితిని. ఎవరికిని చెప్పి పోలేదు. వచ్చి చూడగా 200 దిమ్మెల యంచులు వేలితో గీసిన రాలుచున్నవి. వానిని పగులగొట్టి వసారాక్రింద పూడ్పునకు వాడితిమి. అప్పడముల పిండికి చూపు శ్రద్ధ మట్టిదిమ్మెకు చూపనందుకు అత్తగారు నన్ను ఒక్క మాటయు ననలేదు. అదియే నాకు కష్టమైనది.

మన్ను చేయించుకొనలేనివారికి లారీ బేకరుగారి మార్గము కలదు. ఈయన 1917లో ఇంగ్లండులోని బర్మింగుహాములో జన్మించి, మనదేశమునకు వచ్చి, వైద్యురాలైన ఎలిజబెత్తుగారిని పెండ్లాడి, హిమాలయములలోని పితోరాగఢు ప్రాంతమున చాలకాల ముండెను. అచ్చటి కొండవారు దొరకిన రాతితో, మన్నుతో ఇండ్లు కట్టుకొను నేర్పు చూచి, తాను చదివిన చదువును మరల చదువుకొనెను. తరువాత తిరువనంతపురమున స్థిరపడి 2007లో మరణించువఱకు పేదలకు, మధ్యతరగతివారికి అగ్గువ యిండ్లు కట్టెను. ఇటుకలను పడుకోబెట్టక అంచుమీద నిలిపి, నడుమ ఖాళీ వచ్చునట్లు పేర్చు పద్ధతిని ఆయన వ్యాప్తిచేసెను. అందువలన ఇటుకలు ఇంచుమించు నాలుగవవంతు మిగులును. నడిమి ఖాళీలోని గాలి వేడిని త్వరగా లోనికి రానీయదు.

మా పైకప్పు ఆయన వాడిన పద్ధతిదే. స్లాబు అడుగుభాగమున లాగుబలమును ఇనుపకడ్డీలే మోయును. అచ్చటి కాంక్రీటు చేయు పని స్వల్పము. కావున కడ్డీల నడుమ గళ్లలో పాత మంగళూరు పెంకులు అమర్చి, పైన కాంక్రీటు పోయుదురు. బరువును సిమెంటును తగ్గును. క్రిందినుండి చూచిన ఎఱ్ఱని గళ్లు ముచ్చటగా నుండును. దీనికి నేర్చిన మేస్త్రియు, కడ్డీల లెక్క చూచు ఇంజనీరును ఉండితీరవలెను. ఇచ్చట పొదుపు కూడదు. కప్పుమీద ఏటేట మాఘమాసమున సున్నము వేయుదుము. తెలుపు ఎండను త్రిప్పికొట్టుననుట క్రొత్త సంగతి కాకపోయినను, తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పులకొఱకు ఒక విధానమునే ప్రకటించినది.

మన్ను తీసిన గోతిని నీళ్లతొట్టిగా కట్టించితిమి. చదరపు మీటరు కప్పుమీద ఒక మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు నీరగును. మా కప్పు 28 చదరపు మీటర్లు. ఏటికి 600 మిల్లీమీటర్లు కురిసిన 16,800 లీటర్లు. అందు అయిదవవంతు పోయినను 13,000 లీటర్లకు పైబడి మిగులును. తొలకరి నీటిని మాత్రము బయటికి వదలవలెను. కప్పుమీది దుమ్ము, రెట్టలు అందులోనే వచ్చును. స్నానపు నీళ్లు అరటిచెట్లకు పోవును.

స్నానపుగదిని గుఱించి ఒకమాట. వృద్ధులకొఱకు కట్టునపుడు గడప వలదు. గోడకు పట్టుకొమ్మి యుండవలెను. తలుపు బయటివైపునకు తెఱచుకొనవలెను. లోపల మనిషి పడిపోయి తలుపున కడ్డముగా నున్నచో, లోనికి తెఱచు తలుపును ఎవరు తీయగలరు?

పురపాలక సంఘము అనుమతి, హద్దులనుండి విడువవలసిన జాగా మున్నగునవి మగవారు చూచుకొందురని యూరకుండకుడు. మఱి ముఖ్యముగా కాగితము సంగతి. ఇంటికైన సొమ్ములో హెచ్చుభాగము అత్తగారిది. నేల కొడుకు లిద్దఱిది. పరుల నేలమీద ఇల్లు కట్టుకొనుటలో చిక్కులు రావచ్చునని ఆమెకు ఎవరును చెప్పలేదు. వకీలుతో ఆలోచించి, ఆమె బ్రదికియున్నంతకాలము ఆ యింట నుండుటకు ఎవరును అడ్డుపెట్టరాదని కొడుకు లిద్దఱును వ్రాసి రిజిష్టరు చేయించిరి. కన్నబిడ్డలమధ్య కాగితమేమని ఆమెయే నొచ్చుకొనిరి. సంతకములైన నాడు మాత్రము ఆ కాగితము నడిగి తీసికొని, తన పెట్టెలో పట్టుచీరల అడుగున పెట్టుకొనిరి.

ఇంటిలో ఒక లోపము మిగిలినది. వంటయింటి కిటికీ నా యెత్తునకు పెట్టించితిని. అత్తగారు కత్తిపీట వేసికొని క్రింద కూర్చుండి కూరలు తరుగుదురు. ఆమెకు అందులోనుండి ఆకాశము తప్ప వీధి కనబడదు. ఈ సంక్రాంతిలోగా దానిని రెండడుగులు దింపించవలెను. మేస్త్రికి కబురు పంపితిమి.