వాషింగ్ మిషన్‌లో నీళ్లు చాలక మా పంట పోయిన సంగతి

పట్టు పురుగుల గ్రూపులో వాషింగ్ మిషన్ గురించి రాయడమేంటని నవ్వుకోకండి. దానివల్లే సగం పంట పోగొట్టుకున్నాం కాబట్టి రాస్తున్నాం.

మేముండేది చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలో. ఈ తాలూకా ఒకప్పుడు హైదరాబాదు సంస్థానంలో ఆదిలాబాదు జిల్లా కింద ఉండేది. అందుకే మా ఇంట్లో తెలుగు, బజారుకు పోతే మరాఠీ. చంద్రపూర్ అంటే చాలామందికి మద్ది చెట్ల మీద పెంచే దసలి పట్టు గుర్తొస్తుంది. మాది మాత్రం మల్బరీ. ఎకరం తోట, ఒక షెడ్డు. చుట్టూ ఎటు చూసినా పత్తే. మా తమ్ముడు చేసేదీ పత్తే.

పోయిన వానాకాలం 100 గుడ్లు తెచ్చాం. మూడో జ్వరం దాకా పురుగు బ్రహ్మాండంగా ఉంది. జ్వరం లేచాక పడక మార్చడానికి ఒక పక్క ర్యాకుల మీద ఉతికిన నైలాన్ వలలు పరిచాం. వలలు చాలక రెండో పక్క కొత్తవి వాడాం. మర్నాడు పొద్దున చూస్తే ఉతికిన వలలున్న వైపు పురుగులు తల ఎత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి, నోట్లోంచి పచ్చటి నీళ్లు కక్కుతున్నాయి, ఒళ్లు ముడుచుకుపోతున్నాయి. మందు దెబ్బ చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ముందు ఆకునే అనుమానించాం, పక్క చేలో పత్తికి మందు కొట్టారేమోనని. కానీ రెండు పక్కలా వేసింది ఒకే తోట ఆకు. రెండో పక్క పురుగు హాయిగా తింటోంది. 60 కిలోలైనా వస్తాయనుకున్న పంట 31 కిలోల దగ్గర ఆగింది.

ఆ సాయంత్రం మా వదిన చెప్పింది, ఆ వలల ముందు వాయిలో తమ్ముడి మందు కొట్టే బట్టలు వేశానని. ఆమె తప్పేం లేదు, మేమెవరం చెప్పలేదు. ల్యాబులో పరీక్ష చేయించలేదు కాబట్టి నూటికి నూరు అదే అని అనం, కానీ ఇంకో దారి మాకు కనపడలేదు. పత్తికి కొట్టే సైపర్‌మెత్రిన్, ప్రొఫెనోఫాస్ లాంటివి పట్టు పురుగుకు ఇసుమంతైనా చాలు. మనుషులకే ఆగవు. 2017లో మా పక్క జిల్లా యవత్మాళ్‌లో మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు చనిపోయారు.

అప్పుడు మిషన్ దగ్గర కూర్చుని ఒక వాయి మొత్తం చూశాం. ఫ్రంట్ లోడ్ మిషన్, పండక్కి కొన్నది. అద్దంలోంచి నురగ తప్ప నీళ్లు కనపడలేదు. వెనక్కి వెళ్లి చూస్తే నీళ్లు పోయే పైపు చివర బాత్రూం నేల మీద పడుంది. పైపు అంత కిందికి ఉంటే నీళ్లు వాటంతటవే జారిపోతాయి. మిషన్ ఇటు నింపుతుంటుంది, అటు పోతుంటుంది. ఆ పైపు చివర నేలకు రెండు అడుగుల పైన, మూడు అడుగుల లోపు ఉండాలని మిషన్‌తో ఇచ్చిన పుస్తకంలోనే ఉంది. మేం పుస్తకం కవరు కూడా విప్పలేదు.

ఇంకొకటి తెలుసుకున్నాం. ఈ మిషన్ నీళ్లను లీటర్లలో కొలవదు. డ్రమ్ము కింద చిన్న గాలి గది, దాన్నుంచి పైకి సన్న రబ్బరు గొట్టం, చివర ఒక స్విచ్చి. నీళ్లు పెరిగితే గొట్టంలో గాలి నొక్కుకుంటుంది, ఆ ఒత్తిడికి నీళ్లు ఆగుతాయి. నూలు బట్టలైతే నీళ్లు పీల్చుకుంటాయి, మట్టం దిగుతుంది, మిషన్ మళ్లీ తీసుకుంటుంది. నైలాన్ వల చుక్క కూడా పీల్చదు. కాబట్టి కాసిని నీళ్లకే మిషన్ చాలనుకుంటుంది. ఇప్పుడు వలలతో పాటు రెండు పాత నూలు తువ్వాళ్లు వేస్తున్నాం. కాటన్ ప్రోగ్రాం బదులు సున్నితమైన బట్టల ప్రోగ్రాం పెడుతున్నాం, దాంట్లో నీళ్లు ఎక్కువ పడతాయి. అదనంగా ఇంకోసారి జాడించే బటన్ ఉంటే నొక్కండి. డ్రమ్ము సగానికి మించి నింపొద్దు. సబ్బు పొడి ఫ్రంట్ లోడ్‌కి అమ్మేదే వాడండి, అదీ తక్కువ. నురగ ఎక్కువైతే జాడింపు సరిగా కాదు.

పాత మిషన్లలో ఆ స్విచ్చి మీద చిన్న స్క్రూ ఉంటుంది, అది తిప్పితే మట్టం మారుతుందని ఎవరో చెబుతారు. మీరు తిప్పకండి. నీళ్లు, కరెంటు ఒకే చోట ఉన్న వ్యవహారం. మట్టం నిజంగా తేడాగా ఉంటే ఆ రబ్బరు గొట్టంలో మడ్డి పట్టిందేమో మెకానిక్‌తో చూపించండి.

నీళ్లు సన్నగా వచ్చి మిషన్ మధ్యలో ఆగిపోతుంటే ముందు కుళాయి కట్టి, ప్లగ్గు తీసి, నీళ్లొచ్చే పైపు విప్పి లోపలి జాలీ కడగండి. మాదాంట్లో చెంచాడు ఇసుక వచ్చింది. చాలా మిషన్లకు కనీసం 0.3 బార్ ఒత్తిడి కావాలి, కొన్నిటికి 0.5. 10 మీటర్ల ఎత్తుకు ఒక బార్ లెక్క. మా ట్యాంకు కుళాయికి 8 అడుగుల పైన ఉండేది, అంటే 0.24 బార్. ఇనుప స్టాండు మీద ఇంకో 5 అడుగులు లేపాక 0.4 దగ్గరికి వచ్చింది, ఆగడం మానేసింది.

ఇంత చేసినా మందు బట్టలు మాత్రం మిషన్ గడప తొక్కవు. వాటికి వేరే బకెట్టు, వేరే తాడు. గ్లౌజులు వేసుకుని రెండుసార్లు సబ్బు పెడతాం, ఆ నీళ్లు తోట వైపు పోనివ్వం. వలలు మిషన్‌లో తీశాక తొట్టిలో మళ్లీ జాడించి, 100 లీటర్ల నీళ్లకు 2 కిలోల బ్లీచింగ్ పౌడర్, 300 గ్రాముల సున్నం కలిపిన ద్రావణంలో ముంచుతాం. బ్లీచింగ్ మిషన్‌లో పోస్తే రబ్బరు, డ్రమ్ము పాడవుతాయి, ఆ పొరపాటు చేయకండి.

మొన్న చాకీ తెచ్చిన రోజు వదిన అడక్కుండానే మిషన్ వెనక్కి పోయి చూసొచ్చింది. పైపు కిటికీ ఊచకు తీగతో కట్టినట్టే ఉందట. పురుగు ఇప్పుడు మూడో జ్వరంలో ఉంది. ఎల్లుండి వలలు పరుస్తాం.