టన్నుకు గన్ను ప్రాస

మిర్యాలగూడలో ధాన్యం ట్రాక్టరు రైస్ మిల్లు గేటు ముందు ఆగిన దగ్గర్నుంచి రైతు చేతికి బిల్లు అందేదాకా వినిపించే మాటల్లో చాలాభాగం ఇంగ్లిష్ నుంచి వచ్చి స్థిరపడినవే. గేటు, టోకెను, వెయిటు, రేటు, లేటు, టన్ను, మిల్లు, బిల్లు. వీటిని ఒక్కసారి పైకి అనుకుని చూస్తే జతలు వాటంతట అవే కుదురుతాయి. మిల్లుకు బిల్లు, గేటుకు రేటు. వెయిటు కూడా ఆ గేటు, రేటుల వరసలోదే. స్పెల్లింగు చూస్తే దానికీ వీటికీ పోలికే ఉండదు, చెవికి మాత్రం ఒకే కుటుంబం. అన్నిటికన్నా చిత్రమైంది టన్ను. టీ ఓ ఎన్ అని రాసే ఆ మాటను అక్షరాలు చూసి పలికేవాడు ‘టాన్’ అనాలి. మన హమాలీ, మన రైతు, మన లారీ డ్రైవరు ఎవరూ అలా అనరు. గన్ను, రన్ను సరసన నిలిచేలా టన్ను అనే అంటారు. ఇంగ్లండులో పుట్టి పెరిగినవాడి నోట్లోనూ దాని ప్రాస అదే. ఈ మాట పుస్తకంలోంచి రాలేదు, ఒకరి నోటి నుంచి మరొకరి చెవికి వచ్చింది. అందుకే ప్రాస చెడలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బడుల్లో ‘రైమింగ్ వర్డ్స్’ పేరుతో పిల్లలకు నేర్పే పద్ధతి ఈ చెవిని పక్కనపెట్టి కంటిని నమ్ముకుంటోంది. ఆ వరసను తిరగేయాలన్నది ఈ కథనం వాదన.

ఎల్‌కేజీ, యూకేజీ వర్క్‌బుక్కుల్లో ఆ పాఠం ఎలా ఉంటుందో పిల్లలున్న ఇళ్లలో అందరికీ తెలుసు. ఎడమవైపు ఒక మాటల వరస, కుడివైపు మరో వరస, మధ్యలో గీతలు గీసి జతపరచాలి. సీ ఏ టీ క్యాట్, బీ ఏ టీ బ్యాట్, ఎం ఏ టీ మ్యాట్. చివర ఏ టీ కనబడితే చాలు, గీత గీసేయొచ్చు. మాట ఎలా వినిపిస్తుందో పిల్లవాడికి తెలియాల్సిన పనే లేదు. చెవిటివాడికైనా పదికి పది మార్కులు వచ్చే పరీక్ష అది. విడ్డూరమేమిటంటే, అదే పిల్లవాడు అంతకు ఏడాది ముందే అసలు ప్రాసను నోటితో పలికేసి ఉంటాడు. ‘ట్వింకిల్ ట్వింకిల్’ రాని నర్సరీ పిల్లలు ఈ మూడు పట్టణాల్లోనూ ఉండరేమో. జేన్ టేలర్ రాసిన ఆ గేయం 1806లో అచ్చయింది. అందులో స్టార్‌కు జత ఆర్, హైకి జత స్కై. ఒక్క జతలోనూ చివరి అక్షరాలు కలవవు, రెండు జతల్లోనూ చివరి ధ్వని కలుస్తుంది. మన ఇళ్లలో ‘రైమ్స్’ అంటే పిల్లల పాటలనే అర్థం స్థిరపడిపోయింది. చుట్టాలొస్తే పిల్లవాడిచేత నాలుగు రైమ్స్ చెప్పిస్తారు. వాడు చెప్పినదాంట్లో ఏ మాట ఏ మాటతో కలిసిందని మాత్రం ఎవరూ అడగరు.

అక్షరాలను నమ్మితే వచ్చే చిక్కు ఇంగ్లిష్‌లో చిన్నది కాదు. సూర్యాపేటకు ఇవతల కొర్లపహాడ్ దగ్గర కట్టేది టోల్. దామరచర్ల పక్కన యాదాద్రి థర్మల్ కేంద్రానికి రైల్లో వచ్చేది కోల్, అంటే బొగ్గు. గొయ్యికి హోల్, ఆత్మకు సోల్, గిన్నెకు బోల్. ఈ అయిదూ ఇంగ్లిష్‌లో ఒకే ప్రాస, అయిదు స్పెల్లింగులు. మనవాళ్లు మొదటి నాలుగింటినీ సరిగానే అని అయిదోదాని దగ్గర ‘బౌల్’ అంటారు. గుడ్లగూబ అనే అర్థమున్న ఔల్‌లోనూ ఓ డబ్ల్యూ ఎల్ ఉంది కదా, ఇందులోనూ అదే ఉంది కదా అని. టన్ను మిల్లుకు చెవి దారిన వచ్చింది, బౌల్ హోటలు మెనూకార్డు మీంచి, పాఠ్యపుస్తకంలోంచి కంటి దారిన వచ్చింది. కానిస్టేబులు ఉద్యోగానికి గ్రౌండులో దిగే కుర్రాళ్ల నోట్లో నానే జంట హైటు, వెయిటు. రాతలో అవి కవల పిల్లలు, మొదటి అక్షరాలు తప్ప తేడా లేదు. పలుకులో ఒకటి కైట్, వైట్‌ల వైపు, రెండోది గేట్, లేట్‌ల వైపు. ఇందుకు కారణం పాతదే. విలియం కాక్స్టన్ ఇంగ్లండులో 1476లో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా గడ్డకట్టాయి. పలుకు మాత్రం ఆగలేదు. ఆ కాలానికి అటూ ఇటూ రెండు మూడు శతాబ్దాల పాటు దీర్ఘాచ్చులన్నీ చోటు మారుతూ వచ్చాయి. నైట్, వెయిట్ మాటల్లో జీ హెచ్ ఒకప్పుడు గొంతులోంచి నిజంగా పలికిన ధ్వని. ధ్వని పోయింది, దాని గుర్తు కాగితం మీద మిగిలిపోయింది.

ఇక మన చెవి సంగతి. తెలుగు పిల్లవాడికి ప్రాస అంటే ఏమిటో మొదటినుంచీ చెప్పాలనుకోవడం పొరపాటు. నన్నెచోడుడి దగ్గర్నుంచి పాల్కురికి సోమన ద్విపద దాకా పద్యానికి ప్రాణం ప్రాసే. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రి పేరునే ఇంటిపేరుగా మోసిన పినవీరభద్రుడు సరస్వతిని ఉద్దేశించి ‘వాణి నా రాణి’ అన్నాడని ప్రతీతి. ఆ గర్వోక్తి ఇన్ని వందల ఏళ్లు నిలిచిందంటే అందులో సగం పుణ్యం ప్రాసదే. పద్యం రానివాడి దగ్గరా ఈ సరుకు ఉంది. ‘బస్సూ గిస్సూ లేదు’, ‘చదువూ గిదువూ ఏం లేదా?’, ‘పుస్తకం గిస్తకం తీయవా?’ అనని తల్లి నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో ఉండదు. మాట మొదలును తీసేసి అక్కడ ‘గి’ని తగిలించి తోకను అలాగే ఉంచడం, ఇది ప్రాస కట్టే పనే. అప్పుడే విన్న కొత్త మాటనైనా ఇవ్వండి, నాలుగేళ్ల పిల్ల కూడా తడుముకోకుండా దాన్ని గి-మాటగా మార్చేస్తుంది.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది, దాన్ని గమనించకపోవడం వల్లే పాఠం దెబ్బతింటోంది. ఇంగ్లిష్ ప్రాస మాటను అచ్చుకు ముందు కోస్తుంది. ఊనిక పడిన అచ్చు నుంచి చివరిదాకా అంతా ఒకటే ధ్వని కావాలి. తెలుగు ప్రాస అచ్చు తర్వాత కోస్తుంది. పద్యంలో కలవాల్సింది రెండో అక్షరపు హల్లు. దానికి ముందున్న అక్షరం గురువుకు గురువు, లఘువుకు లఘువు అయితే చాలు, అచ్చు ఏదైనా పరవాలేదు. కోట, పాట, మూట మూడూ ఒకే ప్రాసకు చక్కగా ఒదుగుతాయి. గి-మాటల కోతా సరిగ్గా అక్కడే: బస్సులో అకారం గిస్సులో ఇకారమై కూర్చుంటుంది. ఈ లెక్కన పెన్ను, పిన్ను, టన్ను తెలుగు చెవికి నిండు ప్రాస. ఇంగ్లిష్ చెవికి అవి ఒకదానికొకటి ఏమీ కావు. పెన్‌కు జత టెన్, పిన్‌కు జత బిన్, టన్‌కు జత గన్. మన పిల్ల పెన్, పిన్ కలిపి గీత గీస్తే దానికి ప్రాస తెలియదని కాదు, తన భాషలో తెలిసిన ప్రాసనే ప్రయోగించిందని. టీచరు తప్పు అని ఇంటూ కొట్టి ఊరుకుంటే ఆ పిల్లకు అందేది గందరగోళమే. కోత ఒక్క అడుగు వెనక్కి జరపాలని చెబితే చాలు, మిగతా సామర్థ్యమంతా దాని దగ్గర ముందే ఉంది.

తెలుగు ఇంగ్లిష్ మాటలను అరువు తెచ్చుకున్న తీరు కూడా ఈ పనికి సాయం పట్టేదే. మనది అజంత భాష, ప్రతి మాట చివరా అచ్చు కావాలి కాబట్టి ఉకారం చేరుస్తాం. పాత మాస్టార్లు దీన్ని వెక్కిరించేవారు. కానీ ఆ చేర్చడంలో ఒక క్రమం ఉంది. ఇంగ్లిష్ మాటలో అచ్చు పొట్టిదైతే హల్లును ఒత్తుతాం: షిప్పు, మిల్లు, పెన్ను, హుక్కు. పొడవైతే ఒత్తం: షీటు, గేటు, కోటు, సూటు. అంటే ఇంగ్లిష్ వాడికి కీలకమైన హ్రస్వదీర్ఘాల తేడాను మనం చెరపకపోగా రెండుసార్లు గుర్తు పెడుతున్నాం. రోడ్డు ఈ లెక్కకు లొంగదు, దీర్ఘమూ ఒత్తూ రెండూ ఉన్నాయి. ఫుడ్డు కూడా కుదించుకుపోయింది. అయినా మినహాయింపులు ఇన్నే ఉన్న నియమాన్ని ఇంగ్లిష్ వ్యాకరణం చూస్తే అసూయపడుతుంది.

చెవితో నేర్చిన ప్రాస చదువుకు పనికొస్తుందా, లేక ఇదంతా పాటల సరదాయేనా? దీనికి పేరున్న రుజువు 1983లో నేచర్ పత్రికలో వచ్చింది. లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ ఇంకా చదవడం రాని నాలుగైదేళ్ల పిల్లలను 400 మందికి పైగా తీసుకుని, కొన్ని మాటలు వినిపించి వాటిలో కలవనిదేదో చెప్పమన్నారు. అందులో చురుగ్గా ఉన్నవారు తర్వాతి సంవత్సరాల్లో చదవడంలో, స్పెల్లింగులో ముందున్నారు. వెనకబడినవారిలో 65 మందిని గుంపులుగా చేసి కొన్ని గుంపులకు రెండేళ్లు తర్ఫీదిచ్చారు. ధ్వనుల జతలతో పాటు ప్లాస్టిక్ అక్షరాలతో ఆ జతలను పేర్చడం కూడా నేర్చిన గుంపు అందరికంటే బాగా సాగింది. ఇది గమనించాల్సిన సంగతి: అక్షరాలు వద్దని ఆ ప్రయోగం చెప్పలేదు, ధ్వనితో కలిసి రావాలని చెప్పింది. వారు ఇంగ్లిష్ ఇంటిభాషగా ఉన్న పిల్లలు, మన పిల్లలకు అది వర్తిస్తుందా అని అడగవచ్చు, అడగాలి కూడా. మన లిపికి అక్కలాంటి కన్నడంలో సొనాలీ నాగ్ చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. అక్షరం అక్షరంగా చదివే లిపిలో పిల్లలకు మాటను అక్షరాలుగా విడగొట్టడం తొందరగా పట్టుబడుతుందనీ, అక్షరంలోని హల్లునూ అచ్చునూ విడివిడిగా వినగలగడం నెమ్మదిగా వస్తుందనీ అందులో తేలింది. అచ్చు ముందు కోసే ఇంగ్లిష్ ప్రాస మన పిల్లలకు కొంచెం ఎక్కువ సాధన కోరేది ఇందుకే. సాధన నోటితో జరగాలి, గీతలతో కాదు.

తల్లిదండ్రులు తప్పక అనే మాట ఒకటుంది: ఫీజులు కట్టి ఇంగ్లిష్ మీడియంలో వేస్తే అక్కడ మళ్లీ మిల్లు, బిల్లు, గిల్లు ఏమిటని. ఇంగ్లిష్‌ను ఇంగ్లిష్‌లోనే నేర్పాలన్న ఆ పట్టుదల అర్థం చేసుకోదగిందే. ఇళ్లలో ఆ భాష లేదు, బడిలోనైనా నిండుగా వినబడాలని వారి ఆరాటం. కానీ క్యాట్, బ్యాట్, ర్యాట్ అని పుస్తకం మొదలుపెట్టే వరసకంటే గేటు, రేటు, ప్లేటు వరస తక్కువ ఇంగ్లిష్ ఎలా అవుతుంది? అర్థం ముందే తెలిసి ఉండటం దీనికి అదనపు బలం. బజారు పుస్తకాల్లోని పదాల పట్టికలో మాట పక్కన అర్థం రాసి రెండూ బట్టీ పట్టిస్తారు. బ్యాట్ అంటే గబ్బిలం అని. పిల్లవాడి బ్యాట్ గోడకు ఆనించి ఉంటుంది, వాడికి గబ్బిలంతో పనేమిటి? ధ్వనీ కొత్తదై, అర్థమూ కొత్తదై, స్పెల్లింగూ కొత్తదైతే మూడు బరువులు ఒకేసారి ఎత్తినట్టు. ముందుగా అర్థం తెలిసిన మాటల్లో ధ్వని వినిపించాలి, తర్వాత అదే ధ్వని మీద కొత్త అర్థాలు ఎక్కించాలి. మిల్లు, బిల్లు పట్టుబడ్డాక కొండ అనే హిల్, నింపడమనే ఫిల్, కదలకుండా అనే స్టిల్ వాటి వెనకే వస్తాయి.

ఉచ్చారణ పాడవుతుందన్న భయం ఇంకొకటి. ఎవరి ఉచ్చారణ ప్రకారం? క్లర్క్‌ను లండన్‌లో డార్క్‌తో కలుపుతారు, న్యూయార్క్‌లో వర్క్‌తో కలుపుతారు. ఇద్దరూ చదువుకున్నవారే. హైదరాబాదులో ఇంగ్లిష్ బోధన కోసమే 1958లో కేంద్ర సంస్థ వెలిసింది, అదే నేటి ఇఫ్లూ. అక్కడి ఆచార్యుడు ఆర్.కె. బన్సల్ 1969లో ప్రచురించిన అధ్యయనం భారతీయుల ఇంగ్లిష్ ఇతరులకు ఎంతవరకు అర్థమవుతోందన్న ప్రశ్న మీదే. ప్రశ్న వేయాల్సిన తీరు అదే: బ్రిటిష్ వాడిలా ఉందా అని కాక, వినేవాడికి తెలుస్తోందా అని. ప్రాస ఆ తెలియడానికి చేతికందే తూకం. పెన్, పిన్ తేడా మన నోట్లో పోకుండా ఉంటే చాలు, యాస నల్లగొండదైనా నష్టం లేదు.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది, ఒక పక్క తెలుగు, ఎదుటి పక్క ఇంగ్లిష్ ఉన్న ద్విభాషా పుస్తకాలూ వచ్చాయి. గణితానికీ పరిసరాల విజ్ఞానానికీ అది మేలైన ఏర్పాటు. ప్రాస పాఠానికి మాత్రం అనువాదం పనికిరాదు. పిల్లి, గబ్బిలం, చాప, టోపీ అని తెలుగులో రాయగానే నేర్పాల్సింది మాయమవుతుంది. ఆ పాఠానికి పుస్తకం మూసే మొదలుపెట్టాలి. టీచరు మిల్లు, బిల్లు, బెల్లు అంటే బెల్లు దగ్గర పిల్లలు చేయెత్తాలి. ఎందుకు కలవలేదో వాళ్లే చెప్పాలి. పలకా బలపమూ ఆ తర్వాత. పరీక్ష కూడా నోటితోనే పెట్టాలి. టీ ఓ ఎల్ ఎల్, బీ ఓ డబ్ల్యూ ఎల్ అని అచ్చువేసి జతపరచమంటే ఒకటో తరగతి పిల్ల ఎటూ తేల్చుకోలేదు, ఆ రెండింటినీ పైకి చదివి అడిగితే వెంటనే చెబుతుంది. కాకపోతే అడిగే టీచరు అంతకుముందే బౌల్‌ను బోల్ అనడం అలవాటు చేసుకుని ఉండాలి.