పిల్లల బరువు: కంటి అంచనా, కాటా లెక్క

పిల్లవాడు బొద్దుగా ఉంటే బలంగా ఉన్నాడనీ, పక్కటెముకలు కనిపిస్తే తిండి చాలడం లేదనీ భావించడం మన తెలుగు ఇళ్లలో తరతరాలుగా వస్తున్న అలవాటు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలోని తెలుగు కుటుంబాలలో ఈ అలవాటుకు ఒక నేపథ్యం ఉన్నది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే మార్గం వెంట ఉత్తరాంధ్ర నుండి అనేకులు జీవనోపాధికై వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. కరవునూ, కలరానూ, మశూచినీ ఎరిగిన ఆ తరానికి బిడ్డ ఒంటిమీది కండ రోగకాలంలో ఆదుకొనే నిల్వ. ఆ చూపు ఆనాటి పరిస్థితులకు తగినదే. నేడు ఇదే పట్టణం ఆగ్నేయ మధ్య రైల్వేకూ, సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్‌కూ ప్రధాన కేంద్రం. ఇంట్లో బిస్కట్ల డబ్బా నిండుగా ఉంటుంది. వీధి మలుపులో గుప్‌చుప్ బండి ఉంటుంది. సాయంత్రం ఆట స్థానంలో ట్యూషన్ ఉంటుంది. చూపు మాత్రం మారలేదు.

ఇది మన ఒక్కరి లోపం కాదు. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి పరిశీలించి 2014లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, అధిక బరువు గల పిల్లల తల్లిదండ్రులలో సుమారు సగం మంది తమ బిడ్డ బరువును తక్కువగా అంచనా వేసినట్లు తేలింది. చుట్టుపక్కల పిల్లలతో పోల్చి చూచుకోవడం ఇందుకు ఒక కారణం. వీధిలో పదిమందీ లావైతే పదకొండవవాడు సరిగానే ఉన్నట్లు తోస్తాడు.

మన ఇళ్లలో ఎక్కువగా పొరపాటు జరిగే వయస్సు ఐదారేళ్లు. మొదటి ఏడాదిలో శిశువు కొవ్వు పెరుగుతుంది. నడక, పరుగు వచ్చిన తరువాత క్రమంగా తగ్గి, ఐదారేళ్ల ప్రాయానికి పిల్లలు తమ జీవితంలోకెల్లా సన్నగా కనిపిస్తారు. ఆ పిమ్మట మరల పెరుగుతుంది. చక్కగా ఎదుగుతున్న ఆరేళ్లవానికి స్నానం చేయించేటప్పుడు పక్కటెముకలు లీలగా కనిపించడం ప్రకృతి సహజం. సరిగ్గా అప్పుడే నాయనమ్మకు బెంగ మొదలవుతుంది. వద్దన్నా మరో ముద్ద, దానిపై మరో చెంచా నెయ్యి, పడుకోబోయే ముందు చక్కెర వేసిన పాలు. ప్రేమను తప్పుపట్టలేము; కాని సమయం మాత్రం సరైనది కాదు.

ఒక లెక్క చూద్దాం. బరువును కిలోలలో తీసుకొని, మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బి.ఎం.ఐ. ఆరేళ్ల బాలుడు 116 సెంటీమీటర్ల ఎత్తు, 24 కిలోల బరువు ఉన్నాడనుకుందాం. సూచిక 17.8. పెద్దవారికి 18.5 కంటె తక్కువైతే బక్కపలుచన అంటారు కనుక, ఆ తండ్రి తన పిల్లవాడు చిక్కిపోయాడనే అనుకుంటాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 పట్టికలో ఆరేళ్ల బాలుని మధ్యరేఖ 15.3, 16.8 దాటితే అధిక బరువు. అనగా ఈ బాలుడు ఆ గీతను ఎప్పుడో దాటినాడు. పెద్దల కొలబద్ద పిల్లలకు పనికిరాదు. వయస్సు, ఆడా మగా అన్న భేదం తెలిపే పట్టికతోనే చూడవలెను.

రెండవ వైపును విస్మరించరాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో ఐదేళ్లలోపు పిల్లలలో 34.6 శాతం మంది వయస్సుకు తగిన ఎత్తు లేనివారు. అదే సర్వేలో దేశం మొత్తంమీద ఆ వయస్సు పిల్లలలో అధిక బరువు అంతకు ముందరి 2.1 శాతం నుండి 3.4 శాతానికి చేరింది. పొట్టిగా ఉన్న బిడ్డ బరువు పట్టికలో తక్కువగానే కనిపించవచ్చు. ఎత్తుతో సరిచూస్తే సరిపోయినదో, మించినదో కావచ్చు. ఎత్తు కొలవకుండా కాటా ఒక్కదానినే నమ్మి తిండి పెంచడం ఇందువల్లనే ప్రమాదకరం. పుణె పరిసర గ్రామాలలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం చేసిన పరిశీలన (2003) ఆలోచింపజేసేది. అక్కడి నవజాత శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లాండులోని సౌతాంప్టన్ శిశువులది 3.5. అయినా కండ తగ్గినంతగా మన శిశువుల కొవ్వు తగ్గలేదు.

కొలిచే పద్ధతి సులభం. చెప్పులు విప్పించి, పలుచని దుస్తులతో, ప్రతిసారీ ఒకే కాటాపై తూచండి. ఎత్తుకు మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనించి నిలబెట్టి, తలపై అట్టపుస్తకం సమంగా ఉంచి పెన్సిలుతో గీత గీయండి. ఐదేళ్లలోపు వారికి అంగన్‌వాడీలోని తల్లీబిడ్డల రక్షణ కార్డులో పట్టిక ఉన్నది. పెద్ద పిల్లలకు భారత శిశువైద్యుల అకాడమీ 2015 పట్టికలు వైద్యుల వద్ద లభిస్తాయి. ఛత్తీస్‌గఢ్‌లో 'చిరాయు' పేరిట పాఠశాలలకు వచ్చే వైద్య బృందం కొలిచినప్పుడు ఆ అంకెలను వ్రాసి ఉంచుకోండి. ఒక్క చుక్కకు కంగారుపడనక్కరలేదు. ఆరు నెలలకొకసారి పెట్టిన చుక్కలను కలిపే గీత ఎటు వంగుతున్నదో చూడండి. తన బాటను వదలి పైకి గాని కిందికి గాని పోతుంటే వైద్యుని సంప్రదించండి. బరువు పెరుగుతూ ఎత్తు ఆగిపోతే థైరాయిడ్ పరీక్ష అవసరం కావచ్చు. అతిదాహం, అతిమూత్రంతో బరువు తగ్గితే ఆ రోజే రక్తంలో చక్కెర చూపించవలెను.

ఎదిగే బిడ్డకు పస్తులు పెట్టవద్దు. చాలామందికి బరువు తగ్గించనవసరం లేదు. పెరుగుదల నెమ్మదిస్తే ఎత్తు వచ్చి అందుకొంటుంది. శీతల పానీయం మానిపించి, సాయంత్రం ఒక గంట మైదానానికి పంపి, భోజనవేళ టీవీ కట్టివేస్తే చాలా ఇళ్లలో ఆరంభానికి అదే చాలు. వంటలో మార్పు ఇంటిల్లిపాదికీ చేయండి, ఒక్క పిల్లకు వేరు కంచం పెట్టకండి. కాటా అంకెను చుట్టాల ఎదుట చదవవద్దు. 'మోటూ', 'పత్లూ' అన్న పేర్లు టీవీ బొమ్మలకే ఉండనివ్వండి.