ఎద్దును కూల్చే జొన్న మొలక

వరంగల్: తొలకరికి మొలిచిన జొన్న చేను, వానలు మొగం చాటేయడంతో మోకాలెత్తున వాడి నిలుస్తుంది. పలుపు తెంచుకున్న ఎద్దు అందులో పడి కడుపార మేస్తుంది. కొద్దిసేపటికే రొప్పుతూ, చొంగ కారుస్తూ, కాళ్లు తడబడి కూలిపోతుంది. పాము కరిచిందని ఒకరు, పాలివాడు మందు పెట్టాడని మరొకరు. ఊళ్లో పంచాయితీ మొదలు. ముసలివాళ్లు మాత్రం ‘నాము తిన్నది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

ఈ నాము జొన్న తనను కాపాడుకునే ఉపాయం. ముల్లూ దురదా లేని ఈ మొక్క లేత ఆకులో ‘ధుర్రిన్’ అనే పదార్థాన్ని దాచుకుంటుంది. (అరబ్బీలో జొన్న పేరు ధుర్రా.) 1902లో డన్‌స్టన్, హెన్రీ అనే ఆంగ్ల శాస్త్రవేత్తలు దీనిని వేరుచేశారు. విచిత్రమేమంటే, దీనిని విరగగొట్టే ఎంజైము అదే ఆకులో వేరే కణాలలో ఉంటుంది. మందుగుండు ఒక గదిలో, నిప్పు మరో గదిలో ఉన్నట్లన్నమాట. పశువు నమలగానే నడిమి గోడ కూలి రెండూ కలుస్తాయి. హైడ్రోసయనిక్ ఆమ్లం పుడుతుంది. నెమరువేసే పశువుల పొట్టలోని సూక్ష్మజీవులూ ఇందుకు తోడవుతాయి. రక్తంలో ప్రాణవాయువు ఉన్నా ఒళ్లు దానిని వాడుకోలేదు. పశువు బరువులో కిలోకు సుమారు 2 మిల్లీగ్రాములు చాలు. అంటే 250 కిలోల ఎద్దుకు అర గ్రాము!

లేత పైరు, బెట్టకు వాడిన పైరు, యూరియా ఎక్కువైన పైరు ప్రమాదకరం. కోసిన మోళ్లకు వచ్చే పిలకలు మరీను. పూత దశ దాటితే విషం తగ్గుతుంది. బాగా ఎండిన చొప్పలో చాలావరకు పోతుంది. పండిన గింజలో ఉండదు గనుక రొట్టె తినేవారికి భయం లేదు.

కాలువ నీళ్లు, పత్తి, మొక్కజొన్న వచ్చాక జిల్లాలో జొన్న చేలు తగ్గాయి. వాటితోపాటు నాము సంగతీ మరుగున పడుతోంది. పాడి బర్రెల కోసం పలుమార్లు కోసే పశుగ్రాస జొన్న వేసే యువ రైతులు దీనిని తెలుసుకోవాలి. పిలక మోకాలు దాటకముందే పశువును అందులో కట్టేస్తే పాత కథే.

పశువు పడిపోతే పసర్లతో పొద్దుపుచ్చరాదు. పశువైద్యుడు సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ మందులను నరానికి ఎక్కిస్తే బతికే అవకాశముంది. ఆయన వచ్చేలోగా మిగతా పశువులను చేనులోంచి తోలివేయాలి. చనిపోతే, పొట్టలోని మేతను గాలి చొరని సీసాలో వెంటనే పరీక్షకు పంపాలని కోరవచ్చు. ఆలస్యమైతే విషం ఆవిరై పోతుంది, పాలివాడి మీద అనుమానం అలాగే మిగులుతుంది.