ఆటో ఛార్జీ దగ్గర ఆగిపోతున్న ఆట

ఏటా డిసెంబర్ 3, అంతర్జాతీయ వికలాంగుల దినం దగ్గరపడితే శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ వైకల్యమున్న పిల్లలకు ఆటల పోటీలు పెడతారు. పిల్లలు ఉత్సాహంగా పరుగెత్తుతారు, బంతి విసురుతారు, బహుమతి పట్టుకుని ఇంటికి వెళ్తారు. మర్నాడు బడిలో ఆటల పీరియడ్ గంట కొట్టాక వాళ్లలో చాలామంది తరగతి గదిలో తోటి పిల్లల సంచులకు కాపలా కూర్చుంటారు. ఏడాదికి ఒక రోజు ఆడించడం మనకు వచ్చు. మిగతా రోజులు ఆడించడానికి ఏం కావాలి, ఎవరిని అడగాలి అన్నదే ఇక్కడ విషయం.

ఆటకు ఈ నేల కొత్తది కాదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ నుంచి వెళ్లిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. ఆ ఊళ్లలో పిల్లలు రోజూ బరువులు ఎత్తారు కాబట్టి పతకాలు వచ్చాయి. వైకల్యమున్న పిల్లలకు అందనిది ఆ 'రోజూ' అన్నదే. అందిన చోట వాళ్లూ గెలుస్తున్నారు. ఉత్తరాంధ్రకే చెందిన రొంగలి రవి 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా పారా క్రీడల్లో షాట్‌పుట్‌లో రజతం గెలిచాడు.

అండ అంటే ఏమిటో తెలుసుకోవడానికి వరంగల్ వైపు కల్లెడ గ్రామానికి చెందిన జీవంజి దీప్తి కథ చాలా పనికొస్తుంది. బుద్ధి వైకల్యంతో పుట్టిన ఆ అమ్మాయిని ఊరంతా ఎగతాళి చేసింది. ఆమె పరుగును మొదట గమనించింది బడిలోని వ్యాయామ టీచరు (పీఈటీ). తర్వాత కోచ్ నాగపురి రమేశ్ హైదరాబాద్ పంపమంటే, తల్లిదండ్రుల దగ్గర బస్సు ఛార్జీకి కూడా డబ్బు లేదు. ఆమె పారా క్రీడలకు అర్హురాలని తేల్చడానికి సికింద్రాబాద్‌లో వైద్య పరీక్ష చేయించాల్సి వచ్చింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 (బుద్ధి వైకల్యం ఉన్నవాళ్ల) విభాగంలో ఆమె కాంస్యం గెలిచింది. ఒక పీఈటీ చూపు, ఒక బస్సు టికెట్, ఒక కోచ్ సమయం, ఒక పరీక్ష: వీటిలో ఏ ఒక్కటి అందకపోయినా ఆ పతకం లేదు. పెద్ద చెక్కు మీద సంతకం ఎవరు పెడతారా అని వెతికే ముందు, ఇలాంటి చిన్న సాయాలు ఎవరి చేతిలో ఉన్నాయో చూసుకోవాలి.

ముందు పిల్లలు ఎక్కడున్నారో తెలియాలి. సమగ్ర శిక్ష కింద మండలాల్లో వైకల్యమున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అక్కడ పనిచేసే ఐఈఆర్‌పీ (సమ్మిళిత విద్య) టీచర్లకు ఏ ఊళ్లో ఏ బిడ్డ ఉన్నాడో, బడికి వస్తున్నాడో ఇంట్లోనే ఉన్నాడో తెలుసు. ఫిజియోథెరపీ రోజున తల్లులు పిల్లల్ని ఎత్తుకుని అక్కడికే వస్తారు. ఆటల కార్యక్రమం మొదలుపెట్టదలచిన వాళ్లు మొదట కలవాల్సింది ఈ టీచర్లనే. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రం లేదని ఏ బిడ్డనూ వెనక్కి పంపకూడదు. పోటీలకు పంపేటప్పుడు కాగితాలు కావాలి. ఊళ్లో సాయంత్రం ఆడుకోవడానికి అక్కర్లేదు.

తర్వాత నేల. హైస్కూలు మైదానం సాయంత్రాలు తెరిచి ఉంచడానికి హెచ్‌ఎం, స్కూల్ కమిటీ ఒప్పుకుంటే చాలు. ఈ పిల్లలకు చోటివ్వడం దయ కూడా కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 16వ సెక్షన్, చదువుతో పాటు ఆటల్లోనూ మిగతా పిల్లలతో సమానంగా అవకాశం ఇవ్వాలని బడులకు చెబుతోంది. 30వ సెక్షన్ ఆటల బాధ్యతను ప్రభుత్వం మీద పెడుతోంది. మైదానం అడిగే అర్జీలో ఈ రెండు సెక్షన్లూ రాయండి. సమగ్ర శిక్ష నుంచి బడులకు ఆట సామాన్ల గ్రాంటు కూడా ఉంది: ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నతకు 10,000, హైస్కూలుకు 25,000 రూపాయల వరకు. అందులో చూపులేని పిల్లల కోసం గజ్జెల బంతి ఒకటి కొనమని అడగవచ్చు.

అన్నిటికంటే కష్టమైనది రాకపోకలు. కార్యక్రమాలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే అని నా నమ్మకం. మన పల్లెల్లో చాలామంది తల్లిదండ్రులు హైదరాబాద్‌లో కూలి పనుల్లోనో, తీరం ఊళ్ల వాళ్లయితే గుజరాత్ రేవుల్లో చేపల వేటలోనో ఉంటారు. బిడ్డ నాయనమ్మ దగ్గర ఉంటాడు. పన్నెండేళ్ల పిల్లాడిని ఎత్తి బస్సెక్కించడం ఆ పెద్దావిడ వల్ల కాదు. అందుకే ఏ దాతనైనా టీషర్టులు, కప్పులు కాకుండా మొదట ఆటో అడగాలి. నమ్మకమైన ఒకే డ్రైవరు, వారానికి రెండు సాయంత్రాలు, నెల జీతం లెక్కన. ఇంటి నుంచి ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపే మనిషి ఉంటే "మా గుంటడు పడిపోతే ఎవరు సూస్తారు?" అన్న నాయనమ్మ భయం కూడా కొంత తగ్గుతుంది.

ఆ భయానికి ఇంకో మందు జాగ్రత్త. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడ ఎముకల కీలు వదులుగా ఉంటుంది. డాక్టరు చూడకుండా వాళ్లతో పల్టీలు వేయించకూడదు. మూర్ఛ ఉన్న బిడ్డను చెరువులోకి ఒంటరిగా దించకూడదు. ఇవి పీఈటీకి చెప్పాల్సింది భవిత కేంద్రంలోని ఫిజియోథెరపిస్టు. ఇద్దర్నీ ఒకసారి ఎదురెదురుగా కూర్చోబెడితే సగం పని అయినట్టే.

ఇక ఆట. వైకల్యమున్న పిల్లల్ని ఒక మూల విడిగా ఆడించడం సులువే, కానీ దాంతో పక్క వీధి పిల్లలకు వాళ్లు ఎప్పటికీ పరిచయం కారు. స్పెషల్ ఒలింపిక్స్ వాళ్ల యూనిఫైడ్ పద్ధతిలో బుద్ధి వైకల్యం ఉన్నవాళ్లు, లేనివాళ్లు ఒకే జట్టుగా ఆడతారు. వయసు, ఆట నేర్పు దగ్గరదగ్గరగా ఉండేలా చూస్తారు. మన కబడ్డీకి, ఖోఖోకి ఇది హాయిగా సరిపోతుంది. వినపడని పిల్లాడుంటే ఈలతో పాటు రంగు జెండా ఊపాలి. చూపులేని పిల్లలకు చప్పుడు చేసే బంతి కావాలి. అంధుల క్రికెట్‌లో లోపల లోహపు గుళ్లున్న ప్లాస్టిక్ బంతిని నేల మీద దొర్లిస్తూ వేస్తారు. చక్రాల కుర్చీలోని బిడ్డకు బోచియా అనే బంతులు విసిరే ఆట ఉంది, గుడ్డ సంచిలో గింజలు కుట్టి మొదలుపెట్టవచ్చు.

ఇంత నడిచాక డబ్బు మాట. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికి వచ్చే సంస్థలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యతకు (సీఎస్‌ఆర్) ఖర్చుపెట్టాలి. గ్రామీణ క్రీడలు, పారాలింపిక్ క్రీడల శిక్షణ రెండూ ఆ జాబితాలో పేరుతో సహా ఉన్నాయి. చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. అంటే పైడిభీమవరంలోని మందుల కంపెనీలను రణస్థలం మండలం పిల్లల కోసం అడగడం సబబైన కోరిక. అయితే నిన్న పుట్టిన యువజన సంఘానికి ఈ డబ్బు నేరుగా రాదు. సాధారణంగా ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ నమోదు, సీఎస్‌ఆర్-1 నమోదు, మూడేళ్ల పని అనుభవం ఉన్న సంస్థకే ఇస్తారు. కాబట్టి అలాంటి పాత సంస్థ నీడలో మొదలుపెట్టడం మేలు.

విదేశాల్లోని మన ఊరివాళ్ల దగ్గర అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదన నుంచి ఇస్తే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మేనమామ పంపినది మాత్రం చట్టం దృష్టిలో విదేశీ విరాళం. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేని సంఘం దాన్ని తీసుకోకూడదు.

ఎవరి దగ్గరికి వెళ్లినా అర్జీతో పాటు మూడు నెలల హాజరు పుస్తకం జతచేయండి. ఏ తేదీన ఎంతమంది వచ్చారు, రానివాళ్లు ఎందుకు రాలేదు, ఆటోకు ఎంత అయింది అన్నవి అందులో ఉండాలి. పిల్లల ఫొటోలు పెట్టాలనిపిస్తే ముందు తల్లిదండ్రులను అడగండి, ఆ బిడ్డనూ అడగండి. నేల మీద పాకుతున్న ఫొటో కంటే బంతి విసురుతున్న ఫొటో ఇవ్వండి.