మార్కుల్లో తేడా వచ్చిందా... అడిగే హక్కుంది!

క్యాంపస్ ఇంటర్వ్యూలో ఉద్యోగం ఖాయమైంది. చేరాలంటే చేతిలో డిగ్రీ ఉండాలి. తీరా ఫలితాలు చూస్తే ఒక్క సబ్జెక్టు పోయింది. అదీ... బాగా రాశాననుకున్న పేపరు!

ఇలాంటప్పుడు ఇంట్లో వినిపించే మాట ఒకటే. 'యూనివర్సిటీ వాళ్లతో మనకెందుకు, ఈసారి గట్టిగా చదివి సప్లిమెంటరీ రాసెయ్'. రాయొచ్చు. కానీ తప్పు చదవడంలో కాక, దిద్దడంలో జరిగుంటే? ఆర్నెల్లు ఆలస్యమవుతుంది, ఉద్యోగం చేజారుతుంది. మార్కులే కాదు... హాజరు, ఫీజు, సర్టిఫికెట్లు, మాల్‌ప్రాక్టీసు కేసు - ఏ విషయంలోనైనా విద్యార్థికి అన్యాయం జరిగితే అడగడానికి ఒక పద్ధతుంది. ఆ మెట్లేవో తెలియకే చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు.

మొదట రూల్స్ పుస్తకం
ప్రతి యూనివర్సిటీకీ పరీక్షల నిబంధనలుంటాయి. ఎంత శాతం హాజరుంటే పరీక్ష రాయనిస్తారు, తగ్గితే ఎంతవరకు మినహాయింపు ఇస్తారు, ఫలితాలు వచ్చాక ఎన్ని రోజుల్లో దరఖాస్తు చేయాలి... అన్నీ అందులోనే ఉంటాయి. కాలేజీలో చేరిన రోజే దాన్ని సంపాదించి దగ్గర పెట్టుకోవడం మంచిది.

మార్కుల విషయంలో సాధారణంగా రెండు దారులుంటాయి. ఒకటి రీకౌంటింగ్... అంటే మార్కుల కూడికను మళ్లీ సరిచూడటం. రెండోది రీవాల్యుయేషన్... అంటే జవాబుపత్రాన్ని ఇంకొకరితో మళ్లీ దిద్దించడం. కొన్ని యూనివర్సిటీల్లో వీటికి తోడు ఛాలెంజ్ వాల్యుయేషన్ కూడా ఉంది. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. నిబంధనల్లో ఉంటేనే రీవాల్యుయేషన్ మన హక్కు అవుతుంది. లేనప్పుడు హక్కుగా అడగలేమని సుప్రీంకోర్టు 1984లో మహారాష్ట్ర బోర్డు కేసులోనే తేల్చింది. గడువు దాటితే ఉన్న హక్కూ పోతుంది. అందుకే ఫలితాలు వచ్చిన రోజే నోటిఫికేషన్లో చివరి తేదీ చూసుకోవాలి.

దిద్దిన పేపరు చూడొచ్చు
'జవాబుపత్రం రహస్యం, చూపించం' అనే రోజులు పోయాయి. పశ్చిమ బెంగాల్‌కు చెందిన ఆదిత్య బందోపాధ్యాయ్ అనే విద్యార్థి 2008లో సీబీఎస్ఈ పరీక్ష రాశాడు. మార్కులు తగ్గాయనిపించి, దిద్దిన పేపర్లు చూపించమన్నాడు. బోర్డు కాదంది. సమాచార హక్కు చట్టం ఆసరాతో హైకోర్టుకెళ్లి గెలిచాడు. బోర్డు సుప్రీంకోర్టుకెళ్లింది. 2011 ఆగస్టు 9న తీర్పు వచ్చింది... దిద్దిన జవాబుపత్రం కూడా 'సమాచారమే', రాసినవాళ్లకు దాన్ని చూసే హక్కు, నకలు తీసుకునే హక్కు ఉన్నాయని! దిద్దినవారి పేరు మాత్రం చెప్పనక్కర్లేదు.

మన యూనివర్సిటీలకూ ఇదే వర్తిస్తుంది. పది రూపాయల ఫీజుతో యూనివర్సిటీ పౌర సమాచార అధికారికి దరఖాస్తు చేయాలి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోయినా, ఇచ్చింది నచ్చకపోయినా 30 రోజుల్లోపు అక్కడే పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. సమాచార హక్కుతో పేపరు చూడొచ్చుగానీ మళ్లీ దిద్దించలేం. ఆ నకలు వచ్చేసరికి రీవాల్యుయేషన్ గడువు దాటిపోవచ్చు కూడా. కాబట్టి నకలు కోసం ఎదురుచూడకుండా రెండు దరఖాస్తులూ ఒకేసారి పెట్టాలి. ఇక రెండోది... జవాబుపత్రాలను కొంతకాలమే భద్రపరుస్తారు. తర్వాత నాశనం చేస్తారు. ఆలస్యం చేస్తే చూడటానికి పేపరే మిగలదు!

కాపీ కొట్టాడని పట్టుకుంటే...
పరీక్ష హాల్లో స్లిప్పు దొరికిందన్నారు. వెంటనే పేపరు లాక్కున్నారు. అంతటితో కథ ముగిసినట్టేనా? కాదు. 1954లో ఉత్తరప్రదేశ్‌లో ఇంటర్మీడియట్ పాసైన ముగ్గురు విద్యార్థుల ఫలితాలను కొన్ని నెలల తర్వాత రద్దు చేశారు. మర్నాటి ఏడాది పరీక్ష కూడా రాయకూడదన్నారు. వాళ్లను ఒక్క మాటా అడగలేదు! ఆ కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. విద్యార్థి భవిష్యత్తును దెబ్బతీసే నిర్ణయం తీసుకునేముందు అతని వాదన వినాల్సిందేనని 1962లో తీర్పు వచ్చింది.

అంటే... ఆరోపణ ఏంటో రాతపూర్వకంగా చెప్పమని అడగొచ్చు. వివరణ ఇచ్చుకోవడానికి సమయం కోరొచ్చు. భయపడి, చదవకుండా ఏ కాగితంమీదా సంతకం పెట్టకూడదు. అయితే ఒక కేంద్రంలో అందరూ మూకుమ్మడిగా కాపీ కొట్టారని తేలి మొత్తం పరీక్షనే రద్దు చేస్తే, ఒక్కొక్కర్నీ పిలిచి అడగాల్సిన పన్లేదని 1970లో బీహార్ కేసులో అదే కోర్టు చెప్పింది.

కాలేజీలోనే కమిటీ
యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2023 ఏప్రిల్‌లో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి కొత్త నిబంధనలు తెచ్చింది. వీటి ప్రకారం ప్రతి విద్యాసంస్థలోనూ విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ప్రొఫెసర్ అధ్యక్షుడిగా, నలుగురు అధ్యాపకులు సభ్యులుగా ఉంటారు. ఒక విద్యార్థి ప్రతినిధినీ ప్రత్యేకంగా ఆహ్వానిస్తారు. వీరిలో కనీసం ఒక మహిళ, ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాలనుంచి కనీసం ఒకరు ఉండాలి.

సీట్ల కేటాయింపులో అక్రమాలు, ప్రాస్పెక్టస్‌లో చెప్పినదానికన్నా ఎక్కువ వసూలు చేయడం, ఉపకారవేతనం ఆలస్యం, ఫలితాల జాప్యం, దిద్దడంలో పారదర్శకత లేకపోవడం, కుల వివక్ష... ఇవన్నీ ఫిర్యాదు చేయదగ్గవే. వేరేచోట సీటొచ్చి మానేస్తానంటే 'మొత్తం కోర్సు ఫీజు కడితేనే సర్టిఫికెట్లు' అని కాలేజీ అట్టిపెట్టుకుందా? అదీ ఈ జాబితాలోనే ఉంది.

ఫిర్యాదు అందాక 15 పనిదినాల్లో కమిటీ నివేదిక ఇవ్వాలి. అది నచ్చకపోతే 15 రోజుల్లోపు అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. మాజీ వైస్‌ఛాన్సలర్, అనుభవమున్న విశ్రాంత ప్రొఫెసర్ లేదా మాజీ జిల్లా జడ్జి ఆ పదవిలో ఉంటారు. 30 రోజుల్లో పరిష్కరించాలి. స్వయంగా వెళ్లలేకపోతే మన తరఫున ఇంకొకరిని పంపొచ్చు. అయితే 'మార్కులు తగ్గాయి, మళ్లీ దిద్దించండి' అంటే అంబుడ్స్‌పర్సన్ వినరు. ఫలితాన్నే మార్చేసేంత అక్రమమో, వివక్షో జరిగిందని నిర్దిష్టంగా చూపించాలి. కావాలని తప్పుడు ఫిర్యాదు చేస్తే మాత్రం చర్య తప్పదు.

అంబుడ్స్‌పర్సన్‌ను నియమించని యూనివర్సిటీల జాబితాను యూజీసీ 2024లో బయటపెట్టింది. మీ యూనివర్సిటీలో ఆ పదవిలో ఎవరున్నారో వెబ్‌సైట్లో చూడండి. పేరు కనిపించకపోతే యూజీసీకే రాయొచ్చు.

ర్యాగింగ్, వేధింపులైతే...
వీటికి దారులు వేరు. ర్యాగింగ్‌పై జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. లైంగిక వేధింపులను కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీ విచారిస్తుంది. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదివ్వాలి.

ఆఖరి మెట్టు
పరీక్షలు, ఫలితాల గొడవలతో వినియోగదారుల ఫోరానికి వెళ్లి లాభం లేదు. పరీక్ష నిర్వహించే బోర్డు సేవలు అమ్మే సంస్థ కాదని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. అన్ని మెట్లూ ఎక్కినా న్యాయం దొరక్కపోతే హైకోర్టులో రిట్ వేయొచ్చు. 'ముందు అక్కడ అడిగారా?' అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. అప్పుడు పాత కాగితాలే అక్కరకొస్తాయి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

ఫిర్యాదు రాసేటప్పుడు...
* నోటిమాట వద్దు. కాగితంమీద రాసి, నకలుపై తేదీ, ముద్ర వేయించుకోండి. ఆన్‌లైన్ అయితే నంబరు దాచుకోండి.
* హాల్‌టికెట్ నంబరు, సబ్జెక్టు, తేదీలు తప్పుల్లేకుండా రాయండి.
* ఏం జరిగింది, ఏ నిబంధనకు విరుద్ధం, మీరేం కోరుతున్నారు... ఈ మూడూ ఒక పేజీలో చెప్పండి.
* కోపంగా రాయొద్దు. ఎవర్నీ తిట్టొద్దు. ఆధారాలు జతచేయండి.
* ప్రతి గడువునూ క్యాలెండర్లో గుర్తుపెట్టుకోండి.

అడిగితే సార్లకు కోపమొస్తుందేమో, ప్రాక్టికల్స్‌లో మార్కులు తగ్గిస్తారేమో అన్న భయం పిల్లలకే కాదు, పెద్దలకూ ఉంటుంది. అలా కక్ష సాధించినా అది మరో ఫిర్యాదుకు కారణమే. అందుకే పిల్లలు 'నాకు అన్యాయం జరిగింది' అన్నప్పుడు ముందు నమ్మండి. తర్వాత వాళ్ల పక్కన కూర్చుని ఆ ఒక్క పేజీ దరఖాస్తూ రాయించండి!